హోప్ ఐలాండ్ ఎవరికి వరం?

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో స్క్రోలింగ్ మొదలవడం ఆలస్యం, మా ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ ఖాయంగా వస్తుంది: "కాకినాడకి ఏం కాదు, మనకి హోప్ ఐలాండ్ ఉంది, ప్రకృతి ఇచ్చిన వరం." దాని కింద మా పెద్ద మావయ్య రెండు దణ్ణాల బొమ్మలు పెడతాడు, హైదరాబాదు పిన్ని "అదే మన అదృష్టం" అంటుంది, అమెరికాలో ఉన్న తమ్ముడు ఎక్కడో దొరికిన శాటిలైట్ ఫొటో పెట్టి దాని మీద ఎర్ర గీత గీస్తాడు. చాలా ఏళ్ళు నేనూ ఆ దణ్ణాల బ్యాచ్‌లోనే ఉన్నాను. ఈమధ్య మాత్రం ఆ మెసేజ్ చూస్తే ఒళ్ళు మండుతోంది. దీవి మీద నాకేం కోపం లేదు, అది పాపం ఎవరి జోలికీ పోలేదు. "ప్రకృతి ఇచ్చిన వరం" అన్న ముక్క ఉంది చూశారూ, దాంతోనే నా తగువు.

మా తాతయ్య కాకినాడ రేవులో టాలీ గుమస్తా. బార్జీలోకి ఎన్ని బస్తాలు ఎక్కాయి, ఓడలోకి ఎన్ని చేరాయి అని గీతలు పెట్టి లెక్క రాసుకునే పని. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. చనిపోయేదాకా చాకలి పద్దు కూడా అలాగే రాశాడు. ఆయన దగ్గర ఒకటే సూత్రం ఉండేది: ఓడలో ఒక బస్తా పెరిగిందంటే గోదాములో ఒక బస్తా తగ్గి తీరాలి, తగ్గకపోతే లెక్క తప్పు, లేదా దొంగతనం. హోప్ ఐలాండ్ గురించి ఎంత చదివినా, ఎన్నిసార్లు వెళ్ళి చూసినా నాకు ఆ గీతలే గుర్తొస్తాయి. ఇన్ని కిలోమీటర్ల ఇసుక మనకి జమ అయింది సరే. ఎవరి ఖాతాలో ఖర్చు రాశారు?

తెలియనివాళ్ళకి ముందు చోటు చూపిస్తాను. ఫోన్‌లో మ్యాప్ తెరిచి కాకినాడకి తూర్పున, సముద్రం వైపు చూడండి. ఎవరో కొమ్ము పెట్టి, దాని పక్కన అక్షరం రాయడం మర్చిపోయినట్టు ఒక సన్నటి గీత కనబడుతుంది. దక్షిణాన గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర మొదలై, ఉత్తరానికి పాకుతూ, చివర్లో కాస్త ఒడ్డు వైపు వంగుతుంది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు గురించి గొప్పగా చెప్పుకోడానికి ఏం లేదు, కొన్నిచోట్ల ఇటు సముద్రం, అటు బే రెండూ ఒకేసారి కనబడతాయి. దీనికీ కాకినాడకీ మధ్య ఉన్న నీళ్ళే కాకినాడ బే. అటు కెరటాలు కొబ్బరి చెట్టెత్తున లేస్తున్న రోజున కూడా ఇటు నీళ్ళు చెరువులాగే ఉంటాయి.

ఇందులో రాయన్నది లేదు. పునాది లేదు. మొత్తం ఇసుక, అది కూడా నడిచొచ్చిన ఇసుక. గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. గౌతమి యానాం పక్కనుంచి వచ్చి భైరవపాలెం దగ్గర సముద్రంలో పడుతుంది. వరదరోజుల్లో యానాం ఒడ్డున నిలబడితే నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉంటాయి, ఆ రంగంతా మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ నేలల నుంచి కొట్టుకొచ్చిన మట్టీ ఇసుకా. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది వరద. అంత నీటితో పాటు సముద్రంలోకి ఎంత నేల పోయి ఉంటుందో ఊహించుకోండి.

మొగ దాటిన ఇసుకని సముద్రం అక్కడే ఉండనివ్వదు. నైరుతి గాలులు వీచే నెలల్లో కెరటాలు ఒడ్డుకి తిన్నగా రావు, దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తాయి. ఆ రోజుల్లో బీచ్‌లో స్నానానికి దిగి చూడండి. అరగంట గెంతులేసి బయటికొస్తే చెప్పులు విడిచిన చోటు కనబడదు, ఎవరో కొట్టేశారనుకుంటాం, తీరా చూస్తే మనమే వంద అడుగులు ఉత్తరానికి జరిగిపోయి ఉంటాం. మనిషినే అంత జరిపేది ఇసుకని వదులుతుందా? ఒక్కో కెరటం ఒక్కో గుప్పెడు ఎత్తి కొంచెం ముందుకి పడేస్తుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది కానీ ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. మొగ దాటాక ఒడ్డు లోపలికి తిరిగిపోయింది, ఇసుకకి ఆ మలుపు తెలీదు, అది వచ్చిన దారినే ముందుకి పోయింది. అలా పోయి పోయి నీళ్ళ మధ్య గట్టులా తేలిందే ఈ దీవి. ఇదంతా రెండు వందల ఏళ్ళ లోపు జరిగిన పని. డచ్చివాళ్ళు 1825లో మా జగన్నాథపురాన్ని ఇంగ్లీషువాళ్ళ చేతిలో పెట్టి పోయేనాటికి ఈ దీవి ఇప్పుడున్న రూపంలో లేదు. మా వీధిలో ఎనిమిది తొమ్మిది తరాల వెనక్కి లెక్క చెప్పే కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళ వంశవృక్షాలు దీనికన్నా పాతవి.

హోప్ అన్న పేరు తెల్లవాళ్ళు పెట్టింది. గాలివానలో చిక్కుకున్న ఓడలవాళ్ళు దీని చాటుకి చేరి బతుకుజీవుడా అనుకున్నారని, అందుకే ఆ పేరని మా ఊళ్ళో చెప్పుకుంటారు. కథ బావుంది కాబట్టి నిజమా కాదా అని ఎవరూ తవ్వలేదు. మనవాళ్ళు పెట్టిన పేర్లలో ఇంత కవిత్వం ఉండదు గానీ సమాచారం ఎక్కువ. ఏటి నడుమ మట్టి మేటేసి పైరు పండితే లంక. సముద్రం దగ్గర ఇసుక తేలితే తిప్ప. ఏరు సముద్రంలో పడే నోరు మొగ. బలుసుతిప్ప అన్నా, గాడిమొగ అన్నా అక్కడ కాళ్ళ కింద ఏముంటుందో వెళ్ళకుండానే తెలుస్తుంది. మరి హోప్ ఐలాండ్ మీద ఉన్న మత్స్యకారుల ఊరి పేరేంటో తెలుసా? పుత్రయ్యపాకలు. పేట కాదు, పురం కాదు, ఆఖరికి పాలెం కూడా కాదు. పాక అంటే గాలికి లేచిపోతే మళ్ళీ వేసుకునేది, నీళ్ళొస్తే పీక్కుని ఇంకోచోట పాతుకునేది. తాము ఎలాంటి నేల మీద ఉన్నారో వాళ్ళకి మొదటినుంచీ తెలుసు, ఊరి పేరులోనే రాసిపెట్టుకున్నారు.

ఇప్పుడు కోరంగి సంగతి. హోప్ ఐలాండ్ కథలో అసలు లెక్క తేలేది ఇక్కడే.

ఇవాళ కోరంగి అంటే మడ అడవి, అందులో చెక్క వంతెన, వంతెన మీద సెల్ఫీలు. 1978లో అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, హోప్ ఐలాండ్ కూడా అందులోదే. వంతెన మీద నడుస్తుంటే గైడు కుర్రాడు తెల్లమడ, నల్లమడ, పొన్న అని చూపిస్తాడు, తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని పిల్లల్ని బెదిరిస్తాడు, అదృష్టం ఉంటే నీటికుక్కలు కనబడతాయి, నీటిపిల్లి మాత్రం ఎవరికీ కనబడదు. అంతా బావుంటుంది. ఒకప్పుడు ఇక్కడ సముద్రం మీద తిరిగే ఓడలు కట్టేవారని, దెబ్బతిన్న ఓడలు బాగుచేయించుకోడానికి ఇక్కడికి వచ్చేవని మాత్రం ఆ కుర్రాడు ఎప్పుడూ చెప్పగా వినలేదు.

కోరంగి ఎంత పెద్ద పేరంటే, బర్మాలో తెలుగువాడు కనబడితే కోరంగీ అనేవారు. విశాఖ నుంచి వెళ్ళినా, శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, పుట్టి బుద్ధెరిగాక కోరంగి మొహం చూడకపోయినా సరే, అక్కడ దిగగానే కోరంగీయే. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె, ఆ వెంటనే అల్లర్లు జరిగినప్పుడు దెబ్బలు తిన్నదీ ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఎక్కువగా ఈ కోరంగీ కూలీలే. ఇంకో విడ్డూరం చెబుతాను. ఆస్ట్రేలియాకి ఈశాన్యంగా, పగడాల సముద్రంలో కోరింగా ఐలెట్స్ అని పిసరంత దీవులు ఉన్నాయి. 1845లో ఆ చుట్టుపక్కల దిబ్బ తగిలి మునిగిన కోరింగా ప్యాకెట్ అనే ఓడ పేరు మీద ఆ పేరు. తాళ్ళరేవు పక్కన ఇప్పుడు బస్సు ఆగీ ఆగనట్టు పోయే ఊరు, ప్రపంచం అటు చివర దీవులకి పేరైంది.

మరి ఆ ఊరేమైంది? ఎవర్ని అడిగినా తుఫాను మింగేసింది అంటారు. తుఫానులు వచ్చిన మాట నిజమే. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ఊడ్చేశాయని హెన్రీ పిడింగ్టన్ తర్వాత రాశాడు; 'సైక్లోన్' అన్న మాటని 1840లలో పుట్టించిన మనిషి ఆయనే. మళ్ళీ 1839 నవంబరు 25న ఇంకొకటి. ఈ రెండో తుఫానులో 3 లక్షల మంది పోయారు, 20 వేల ఓడలు మునిగాయి అని ఇంటర్నెట్‌లో ఏ జాబితా తెరిచినా ఉంటుంది. నేను నమ్మను. 20 వేల ఓడల్ని కోరంగి ఏట్లో పక్కపక్కన కడితే యానాం దాకా నీళ్ళు కనబడవు. అంత రేవు ఆ రోజుల్లో ఎక్కడా లేదు. ఒకడు రాసిన అంకెని ఇంకొకడు, వాణ్ణి చూసి పదిమంది. చచ్చిపోయినవాళ్ళ బాధ ఎక్కువ చేసి చూపించడానికి సున్నాలు కలపక్కర్లేదు కదా, ఇంట్లో నలుగురూ పోయినవాడికి నాలుగే పెద్ద అంకె.

అసలు విషయం ఏంటంటే, తుఫాను ఊడ్చేసిన ఊళ్ళు మళ్ళీ లేస్తాయి. 1789 తర్వాత కోరంగి లేచింది, లేచింది కాబట్టే 1839లో మళ్ళీ పోవడానికి ఓడలు, గోదాములు మిగిలాయి. రేవు పూడిపోతే మాత్రం ఊరు లేవదు. గోదావరి ఇసుక ఏటి నోట్లో మేటేస్తూ వచ్చింది, ముందు పెద్ద ఓడలు లోపలికి రావడం మానేశాయి, తర్వాత చిన్నవి. ఓడలు లేని రేవులో వడ్రంగి ఏం చేస్తాడు, వడ్డీవ్యాపారి ఏం చేస్తాడు? సర్దుకుని కాకినాడ వచ్చేశారు. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలుస్తుందని చెప్పుకుంటాం. చొల్లంగి అమావాస్యకి తుల్యభాగలో మునిగి, కోరంగిలో ఆత్రేయ స్నానం చేసి, అంతర్వేది దాకా సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఋషుల పేర్లు అలాగే ఉన్నాయి, కొన్ని పాయలు మాత్రం కాలువలకన్నా ఘోరంగా అయిపోయాయి. మా అమ్మమ్మ ఒకసారి ఆత్రేయ స్నానం చేసొచ్చి "మోకాలు తడవలేదే, చెంబుతో పోసుకున్నాను" అని నవ్వింది.

కోరంగి నోట్లో పడ్డ ఆ ఇసుకే ఇటు దీవిగా సాగి కాకినాడకి గోడ కట్టింది. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండు మిల్లులకి మన పత్తి కావాల్సి వచ్చింది, కాకినాడ దశ తిరిగింది. ఇక్కడ ఓడ ఒడ్డుకి రాదు, అంత లోతు లేదు. దూరంగా లంగరేసి నిలబడుతుంది, సరుకంతా బార్జీల మీద వెళ్ళాలి. బహిరంగ సముద్రంలో బార్జీని ఓడ పక్కన కట్టి బస్తాలు ఎక్కించడం అంటే ఉయ్యాలలో కూర్చుని సూదిలో దారం ఎక్కించడమే. కాకినాడలో అది సాగిందంటే దీవి చాటున నీళ్ళు నిలకడగా ఉండబట్టే. 1997లో లోతైన రేవు వచ్చాక ఓడలు కొన్ని తిన్నగా ఒడ్డుకే వస్తున్నాయి, అయినా బార్జీల మీద బియ్యం వెళ్ళడం ఆగలేదు. మా తాతయ్య జీతం, దాంతో మా అమ్మ చదువు, అక్కణ్ణుంచి ఈ బ్లాగు దాకా అన్నీ ఆ నిలకడ నీళ్ళ చలవే. అందుకే చెబుతున్నాను, వరం పుచ్చుకున్న ఇంటివాణ్ణే నేనూ, దబాయించడానికి రాలేదు.

కోరంగికి ఖర్చు, కాకినాడకి జమ. మొదటి పద్దు తేలింది.

రెండేళ్ళ క్రితం జనవరిలో దీవికి వెళ్ళాం, ఆరుగురం ఫ్రెండ్స్. బోటువాడి పేరు చెప్పను. పొద్దున్నే బయల్దేరాలండి అని మేం మొత్తుకుంటే, అవతల ఇంకో బ్యాచ్ వస్తోంది కలిపి తీసుకెళ్తానని పది దాటించాడు. ఈలోగా పాటు మొదలైంది, అంటే సముద్రం వెనక్కి తగ్గుతోంది. బే లోపల సగం దూరం వెళ్ళామో లేదో కింద గరగరమని చప్పుడు, పడవ ఆగిపోయింది. ఇంజను వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు, బురద తప్ప ఏం లేవలేదు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు, దిగి నిలబడితే మోకాలి దాకా. మూడు గంటలు అలా కూర్చున్నాం. మిగిలిన బ్యాచ్‌లో ఒకాయనకి టెన్షన్, నాలుగింటికి ట్రైనట. సరంగు మాత్రం నింపాదిగా క్యారేజీ విప్పాడు. పోటొస్తే అదే లేస్తుందండి అన్నాడు. అదే లేచింది. నీళ్ళు రావడం మనకి తెలీదు, పడవ మెల్లిగా ఒక పక్కకి ఒరిగి, నిద్రలోంచి లేచినట్టు తిన్నబడుతుంది. ఆ మూడు గంటల్లో నాకు బుర్రకెక్కినంత జాగ్రఫీ స్కూల్లో ఎక్కలేదు. నిలకడ నీళ్ళు అని మురిసిపోతున్నామే, నిలకడగా ఉన్న నీళ్ళలో మట్టి కిందకి దిగిపోతుంది. కెరటాల నుంచి కాపాడే గోడే బేని మెల్లగా పూడుస్తోంది. కోరంగికి పట్టిన గతి మనకి రాకూడదని రేవులో తవ్వోడలు తవ్వుతూ ఉండాల్సిందే.

దీవి మీద దిగాక సముద్రం వైపు నడిచాం. సరుగుడు చెట్లు, వాటి కింద గాలికి దొర్లే రావణాసురుడి మీసాలు, ఇసుకని కరుచుకుని పాకే తీగ, దానికి ఊదారంగు పూలు. నీటి అంచు నుంచి పైకి ట్రాక్టరు టైరు నడిచినట్టు ఒక జాడ, పక్కనే తిరిగి కిందకి ఇంకో జాడ. రాత్రి ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి గుడ్లు పెట్టి పోయింది. గుంట ఎక్కడో తెలీకుండా ఎంత నీటుగా కప్పిందంటే, మాకు చూపించిన కుర్రాడు వేలు పెట్టేదాకా కనిపెట్టలేకపోయాం. ఇంకో రెండు వందల గజాలు నడిస్తే అదే జాతి తాబేలు, చచ్చి, కళ్ళు కాకులు పొడిచేసి. వలలో పడి ఊపిరాడక చచ్చిపోతాయి అన్నాడు. ఆ మాట అన్నవాడి నాన్నదీ వలే. ఇద్దరం ఆ విషయం ఎత్తలేదు.

ఊళ్ళో ఒకావిడ నీళ్ళు తోడుతోంది. ఇసుకలో మూడడుగుల గుంట, గోడలు కూలకుండా అడుగు కోసేసిన ప్లాస్టిక్ డ్రమ్ము దింపారు. లోపల గుమ్మడికాయంత నీళ్ళు. చిప్పతో బిందెలోకి పోస్తూ, రెండు చిప్పలకి ఒకసారి ఆగుతోంది, ఊరనివ్వడానికి. ఇంకొంచెం లోతుగా తవ్వుకోవచ్చు కదా పిన్నీ అన్నాను, ఇంజనీరింగ్ చదివిన తెలివి.

"లోతుకెళ్తే ఉప్పండి బాబూ. పైనున్నదే మంచిది."

వానకి ఇసుకలో దిగిన మంచినీళ్ళు ఉప్పునీటికన్నా తేలిక కాబట్టి దాని మీద మీగడలా తేలుతూ ఉంటాయి. మీగడ తీసేటప్పుడు చెయ్యి ఎంత తేలిగ్గా పెడతామో చెలమలో చిప్ప అంతే తేలిగ్గా పెట్టాలి. ఇదే దీవి మీద రిసార్టు కట్టాలని, ఈవెంట్లు చెయ్యాలని ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు, పేపర్లో బొమ్మలు కూడా వేస్తారు, నీలం రంగు స్విమ్మింగ్ పూలుతో సహా. ఒక బోరు దింపి మోటారు ఆన్ చేస్తే ఆ మీగడ ఎన్నాళ్ళుంటుంది? ఒకసారి కింది ఉప్పు పైకి లేచిందంటే చిప్ప పెట్టినా లాభం ఉండదు.

అక్కడే పాక అరుగు మీద వల బాగుచేసుకుంటున్న పెద్దాయనతో కాసేపు కూర్చున్నాం. నేను మా ఫ్యామిలీ గ్రూపు మాట వదిలాను: మీ దీవే బాబాయ్ మా కాకినాడని కాపాడేది. ఆయన నవ్వలేదు, వెటకారమూ చెయ్యలేదు. "తుఫానంటే మమ్మల్ని ముందు బోటెక్కించి మీ ఒడ్డుకే తోలుకొచ్చేత్తారండి, బళ్ళో పడుకోబెడతారు" అన్నాడు. అన్నాక వల కండె కోసం వెతుక్కున్నాడు. కాపాడే గోడ మీద కాపలా ఉన్నవాళ్ళని ముందు దింపేయాలన్నమాట. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటి వెయ్యి మందికి పైగా పోయారు, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరో. కాకినాడ ఊళ్ళో చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, మాకు బడి సెలవులు. దీవి వల్ల, మడల వల్ల మేం బతికిపోయామంటే నిజమే కావచ్చు. కానీ ఆ వారం బలుసుతిప్పలో నిలబడి వరం అన్న మాట ఎవడైనా అనగలిగేవాడా?

ఇంకో పద్దు ఉంది, అది ఇంకా పెద్దది. ఉప్పాడ.

కాకినాడ నుంచి ఉత్తరంగా బీచ్ రోడ్డు పట్టుకుని పోతే జమ్దానీ చీరలు నేసే ఊరు వస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆటో కట్టించుకుని వెళ్తారు. ఆ రోడ్డుని మా చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు, వేసిన ప్రతిసారీ సముద్రం వచ్చి అంచు కొరుక్కుపోతుంది. ఊళ్ళో ఇళ్ళు పోయాయి, గుళ్ళు పోయాయి, వీధులకి వీధులు పోయాయి. మా ఇల్లు ఎక్కడుండేది అని ఉప్పాడలో పెద్దవాళ్ళని అడిగితే వేలు నీళ్ళవైపు చూపిస్తారు. గోడ కట్టారు, బండలు పోశారు, ఇసుక నింపిన లావుపాటి గుడ్డ గొట్టాలు, జియోట్యూబులు అంటారు, అవి పేర్చారు. అవీ చిరిగాయి.

ఎందుకు కొరుకుతోంది? పరిశోధన చేసినవాళ్ళు చెప్పే కారణాల్లో ఒకటి మన దీవి. దక్షిణం నుంచి నడిచొచ్చే ఇసుక దీవిలో, బేలో ఆగిపోతుంటే ఉప్పాడ దాకా చేరేది తగ్గిపోతుంది. దీవి కొన పెరుగుతున్న కొద్దీ కెరటాలు వంగి వచ్చి పడే చోటు మారిపోతుంది. అదొక్కటే అని నేననను. రేవు కోసం కట్టిన గోడలు ఉన్నాయి. పైన గోదావరి మీద కట్టుకుంటూ వచ్చిన ఆనకట్టలు ఉన్నాయి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు, ఆయన ఫొటోకి దండెయ్యని ఊరు డెల్టాలో ఉండదు, అన్నం తినే ప్రతివాడూ వెయ్యాల్సిందే. ఆ తర్వాత పై రాష్ట్రాల్లో ఎన్ని డ్యాములో. నీళ్ళు ఆగిన ప్రతిచోటా ఇసుకా ఆగుతుంది. గోదావరి సముద్రానికి మోసుకొచ్చే మట్టి కొన్ని దశాబ్దాలుగా బాగా తగ్గిపోయింది, డెల్టా అంచు చాలాచోట్ల వెనక్కి పోతోంది. ఇప్పుడు మళ్ళీ తాతయ్య పుస్తకం తియ్యండి. నిజామాబాదులో కాలవ కింద పండిన వడ్లు ఒకవైపు, రాజమండ్రి దగ్గర మేడల కోసం ఎత్తిన ఇసుక లారీలు ఒకవైపు, కాకినాడ రేవులో నిలకడ నీళ్ళు ఒకవైపు, ఉప్పాడలో పడిపోయిన గోడ ఒకవైపు. అన్నీ ఒకే బస్తాలోంచి తీసినవి.

అయితే ఏంటి, దీవిని తవ్విపారేద్దామా అని మా మావయ్య అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. తవ్వమని ఎవరన్నారు? వరం అన్న మాట మానెయ్యమంటున్నాను, అంతే. ఎందుకంటే వరాన్ని ఎవరూ లెక్క చూసుకోరు. దేవుడిచ్చింది, ఎప్పుడూ ఉంటుంది అనుకుంటారు, దాని మీద సిమెంటు పోసి హోటల్ కడదామనుకుంటారు. ఈ దీవి కాపాడేది కదలగలదు కాబట్టి. పెద్ద కెరటం వస్తే ఒకచోట తెగుతుంది, ఇంకోచోట అతుక్కుంటుంది, ఇసుక మీద నుంచి పొర్లి వెనక్కి పడి మళ్ళీ మెరకేస్తుంది. గట్టి కట్టడం పెట్టిన చోట కెరటం దాని కాళ్ళ కింది ఇసుకని లాక్కుపోతుంది, అది ఉప్పాడలో కళ్ళారా చూస్తూనే ఉన్నాం. తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లు, మడలు, ఇసుక దిబ్బలు తీర నియంత్రణ నిబంధనల్లో సీఆర్‌జెడ్-1 కిందికి వస్తాయి, అంటే అన్నిటికన్నా గట్టి కాపలా. చట్టం తెలియక కాదు, ఆ బొమ్మలు వేసేవాళ్ళు దీన్ని నేల అనుకుంటున్నారు, అదీ చిక్కు.

పుత్రయ్యపాకలు గురించి మాత్రం ఒక మాట, ఎందుకంటే నా వైపు మాట్లాడే పర్యావరణం మిత్రులే ఇక్కడ తప్పు చేస్తారు. పాకలు ఎంత బావున్నాయో, ప్రకృతితో కలిసి ఎలా బతుకుతున్నారో అని ఫొటోలు పెడతారు. డ్రమ్ము గుంటలోంచి నీళ్ళు తోడుతున్నావిడ కూతురు ఆ పక్కనే ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కింది. వాళ్ళకీ కరెంటు కావాలి, బిందెడు తియ్యటి నీళ్ళు కావాలి, పురుడొస్తే అర్ధరాత్రి పాటైనా పోటైనా ఒడ్డుకి చేర్చే బోటు కావాలి. ఇవేవీ దీవిని బరువెక్కించే పనులు కావు. సోలారు పలకలు, వాననీటి తొట్లు, ఒక అంబులెన్సు బోటు, లోతు లేని నీళ్ళలో కూడా నడిచేది. రిసార్టుకి పెట్టే ఖర్చులో వడ్డీ డబ్బులతో అయిపోతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజులు అక్కడివాళ్ళు ఎలా గడుపుతారో ఈ దీవి గురించి మాట్లాడే మీటింగుల్లో ఒక్కసారైనా వాళ్ళచేతే చెప్పిస్తే, మిగిలిన సగం నిర్ణయాలు వాటంతటవే మారిపోతాయని నా నమ్మకం.

తిరిగొచ్చేటప్పుడు చీకటి పడింది. ట్రైనున్నాయన ఆశ వదిలేసుకుని ఫోన్‌లో రేపటికి టికెట్లు వెతుకుతున్నాడు. దూరంగా లంగరేసిన ఓడల లైట్లు, వాటి పక్కన చీమల్లా బార్జీలు. సరంగు ఇంజను తగ్గించి తమ్ముణ్ణి ముందుకి పంపాడు, వాడు అంచున నిలబడి గెడ దింపి తీస్తూ లోతు చెబుతున్నాడు. ఒకచోట గెడ సగం కూడా దిగలేదు. వాడు తడి గుర్తుని బొటనవేలితో పట్టుకుని అన్నకి ఎత్తి చూపించాడు.

"పోయినేడు ఇక్కడ అందేది కాదన్నా."

సరంగు చుక్కాని కొంచెం ఎడమకి తిప్పాడు.